ఒంతా టీ కప్పు: తెల్ల పూత, తొబికన్నా నగిషీ, కట్టెల బట్టీ – సమగ్ర మార్గదర్శి

జపాన్‌లోని క్యూషూ దీవిలో, ఓయితా ప్రిఫెక్చర్ హితా పట్టణానికి చెందిన కొండల్లో సరయామా అనే చిన్న ఊరుంది. 1705లో పొరుగున ఉన్న కోయిషివరా నుంచి ఒక కుమ్మరి వచ్చి ఇక్కడ బట్టీ పెట్టాడు. అప్పటి నుంచి ఈ ఊళ్లో కొద్దిపాటి కుటుంబాలే తరతరాలుగా ఒంతా పాత్రలు చేస్తున్నాయి. కరెంటు సారె లేదు, గ్యాసు బట్టీ లేదు, కప్పు మీద చేసినవాళ్ల పేరు ఉండదు. జానపద కళల ఉద్యమాన్ని నడిపిన యనగి సొయెత్సు 1931లో ఈ ఊరికి వచ్చి దీని గురించి రాశాడు. ఇంగ్లండ్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ 1954లో వచ్చి ఇక్కడే ఉండి పనిచేశాడు. 1995లో జపాన్ ప్రభుత్వం ఈ పనితనాన్ని జాతీయ సాంస్కృతిక సంపదగా గుర్తించింది.

ఇక్కడి యునోమి, అంటే పిడి లేని టీ కప్పు, ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరిదాకా చెప్పుకుందాం. ఒంతాలో చేసే పద్ధతి ఏమిటో, అదే పని మన దగ్గర దొరికే సరుకుతో చిన్న స్థాయిలో చేయాలంటే ఏం మార్చుకోవాలో రెండూ ఇందులో ఉన్నాయి.

ముందే ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఒంతా కప్పుని ఒక్కసారే కాలుస్తారు. ముందు ఉత్త మట్టి కప్పుని ఒకసారి కాల్చి (దీన్నే బిస్క్ అంటారు), తర్వాత గ్లేజు, అంటే కాలాక గాజులా మారే పూత, పూసి మళ్లీ కాల్చే పద్ధతి కాదిది. మట్టి, దాని మీది తెల్ల పూత, ఆ పైన గ్లేజు మూడూ పచ్చిగానే, అంటే ముందుగా కాల్చకుండానే, బట్టీలోకి వెళ్లి, కలిసి కుంచించుకుని, కలిసి కాలాలి. అందుకే ఈ పనిలో చూసుకోవాల్సింది గడియారం కాదు, తడి. ఏ దశలో ఎంత తడి ఉండాలో పట్టుబడితే మిగతాది సాధనతో వస్తుంది.

మట్టి

సరయామాలో మట్టిని కొండ నుంచి తవ్వి, ఎండబెట్టి, కరఉసు అనే నీటి రోకళ్లతో దంచుతారు. దుంగకు ఒక చివర తొట్టిలా తొలిచి, దానిలోకి వాగు నీళ్లు పడేలా పెడతారు. తొట్టి నిండగానే ఆ చివర ఏతాంలా కిందికి వాలి నీళ్లు ఒలికిపోతాయి. రెండో చివరనున్న రోకలి ధబ్బున మట్టి మీద పడుతుంది. మట్టి మెత్తటి పొడి కావడానికి ఇలా రాత్రింబవళ్లు మూడు, నాలుగు వారాలు పడుతుంది. ఆ పొడిని నీళ్లలో కలిపి, జల్లెడ పట్టి, తేరనిచ్చి, అడుగున చేరిన మెత్తటి మట్టిని గట్టిపరిచి వాడతారు. ఇనుము ఎక్కువున్న మట్టి కాబట్టి కాలాక ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. తెల్ల పూత అవసరమైంది అందుకే.

మన కుండల మట్టి ఈ పనికి ఒక్కటే పనికిరాదు. మన కుమ్మరి ఆవంలో వేడి సాధారణంగా 700–900 డిగ్రీల మధ్య ఉంటుంది; ఈ కప్పుకి 1250 డిగ్రీల దాకా వెళ్లాలి. అంత వేడికి ఎర్రమట్టి కప్పు ఉబ్బి, కూలి, బట్టీలో కింద ఉన్న పలకకు అంటుకుపోతుంది. ఎర్రమట్టిని రంగు కోసం కొద్దిగా కలుపుకోవచ్చు. మొదటి ప్రయత్నానికి ఎండు బరువులో ఈ పాళ్లు తీసుకోండి:

- ఫైర్‌క్లే (ఎక్కువ వేడిని తట్టుకునే మట్టి) 40 పాళ్లు
- బాల్‌క్లే (బాగా సాగే మెత్తటి మట్టి) 30
- క్వార్ట్జ్ పొడి 12
- ఫెల్డ్‌స్పార్ (వేడికి కరిగి మట్టిని బిగించే రాతిపొడి) 10
- జల్లించిన ఎర్రమట్టి 8

క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రెండూ తెలుగు రాష్ట్రాల గనుల్లోనే తవ్వుతున్నారు. పింగాణీ పరిశ్రమకు సరుకు అమ్మేవాళ్ల దగ్గర పొడి రూపంలో దొరుకుతాయి. పొడులు కలిపేటప్పుడు మామూలు గుడ్డ ముక్కు మీద కట్టుకుంటే చాలదు. సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. ఎన్95 మాస్కు పెట్టుకోండి, పొడిని నీళ్లలోకి వేయండి, పొడి మీద నీళ్లు పోయకండి.

కలిపిన మట్టిని కనీసం రెండు వారాలు తడిగుడ్డ, ప్లాస్టిక్ కప్పి మాగబెట్టాలి. తర్వాత ఒక పరీక్ష తప్పకుండా చేయండి. 14 సెం.మీ. పొడవు పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెం.మీ. దూరంలో రెండు గీతలు గీయండి. కాల్చాక ఆ దూరం 8.7 సెం.మీ. అయితే మీ మట్టి 13 శాతం కుంచించుకుంటున్నట్టు. కింద ఇచ్చిన కొలతలన్నీ ఈ 13 శాతం లెక్కలోవే. మీ పట్టీ వేరే అంకె చూపిస్తే దాన్ని బట్టి మార్చుకోండి.

సారె మీద

కాలిన తర్వాత 8.5 సెం.మీ. ఎత్తు, 7.5 సెం.మీ. వెడల్పు ఉండే కప్పు కావాలంటే, పచ్చిగా 9.8 సెం.మీ. ఎత్తు, 8.6 సెం.మీ. వెడల్పు తీయాలి. దానికి 350 గ్రాముల ముద్ద సరిపోతుంది. అంచు కింద వేలెడు ఖాళీ వదిలితే దాదాపు 200 మి.లీ. టీ పడుతుంది.

ముద్దని బాగా పిసికి గాలి తీసేసి, సారె మధ్యలో కుదర్చండి. లోపలి అడుగు వెడల్పు చేసేటప్పుడు వేళ్లతో మధ్య నుంచి అంచుకి, అంచు నుంచి మధ్యకి నాలుగైదుసార్లు గట్టిగా అదమండి. ఈ అదుముడు మర్చిపోతే ఆరేటప్పుడు అడుగున ఎస్ ఆకారంలో పగులు వస్తుంది. అడుగు 8 మి.మీ. మందం వదలండి, కుదురు, అంటే కప్పు నిలబడే అడుగు వలయం, చెక్కడానికి అది కావాలి. గోడ 4–5 మి.మీ. ఉండాలి. ఇంతకంటే పలచన చేయాలన్న ఆశ ఈ కప్పుకి వద్దు. తెల్ల పూతలోని నీళ్లు పీల్చుకుని కూడా నిలబడాల్సిన గోడ ఇది. పైగా పిడి లేని కప్పు కాబట్టి పలచనైతే వేడి టీతో చేతులు కాలతాయి.

బయటి గోడని వీలైనంత సాఫీగా, నిటారుగా ఉంచండి. వేలి గాట్లు లోపల ఉంటే అందమే. బయట ఉంటే మాత్రం నగిషీ పనిముట్టు ఆ గాట్ల మీద ఎగిరి, గీతలు ఒకచోట లోతుగా, ఒకచోట అసలు లేకుండా పడతాయి. అంచుని తడి తోలుముక్కతో గుండ్రం చేసి, కోత తీగతో కింద కోసి పలక మీదికి దించండి.

చెక్కడం

కప్పు అరపచ్చిగా ఆరేదాకా ఆగాలి. గోరుతో నొక్కితే గుర్తు పడాలి, వేలికి మట్టి అంటకూడదు. చేత్తో పట్టుకుంటే ఆకారం మారకూడదు. అంచు ముందు ఆరిపోతుంది కనుక పైన ప్లాస్టిక్ ముక్క కప్పి, అడుగుని ఆరనివ్వండి. బోర్లించి సారె మీద కుదిర్చి, లూప్ పనిముట్టుతో చెక్కి 4.5–5 సెం.మీ. వెడల్పు, 5 మి.మీ. ఎత్తున్న కుదురు తీయండి. కుదురు అంచుల్ని కొద్దిగా ఏటవాలుగా గీరితే గ్లేజు అక్కడికి రాకుండా ఆగుతుంది.

తెల్ల పూత

కప్పులు ఎక్కువగా పోయేది ఈ దశలోనే. పూత పాళ్లు: చైనా క్లే (తెల్లగా కాలే మట్టి) 40, బాల్‌క్లే 40, ఫెల్డ్‌స్పార్ 10, క్వార్ట్జ్ 10. నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, 80 మెష్ (అంగుళానికి 80 రంధ్రాల) జల్లెడలో రెండుసార్లు వడకట్టండి. చిక్కదనాన్ని కంటితో అంచనా వేయొద్దు, తూచండి. ఒక లీటరు పూత 1.35 నుంచి 1.40 కిలోల మధ్య తూగాలి.

లోపల, బయట ఒకేసారి పూస్తే గోడకి రెండు వైపుల నుంచీ నీళ్లెక్కి కప్పు మెత్తబడి కూలిపోతుంది. ముందు లోపల నిండా పోసి, రెండు మూడు సెకన్లలో తిప్పుతూ ఒంపేయండి. కప్పు మళ్లీ అరపచ్చి స్థితికి వచ్చాక, అడుగు పట్టుకుని తలకిందులుగా బయటి గోడని ముంచి, ఒక్క సెకను ఆగి తీసేయండి. లోపల చిక్కిన గాలి వల్ల పూత లోపలికి ఎక్కదు. ముంచేటప్పుడు కప్పు వంగితే మాత్రం గాలి బుడగ బయటికొచ్చి పూత చిందరవందర అవుతుంది.

పూత అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరులోపే ఉండాలి. మందమైతే ఆరేటప్పుడు బీటలువారుతుంది, నగిషీ గాటు అడుగు మట్టి దాకా దిగదు. మరీ పలచనైతే గ్లేజు కింద కరిగినట్టయి బూడిదరంగులో కనిపిస్తుంది. కప్పు బాగా ఆరిపోయాక పూత వేస్తే, పైది కుంచించుకుంటుంది, కిందది కుంచించుకోదు. పెచ్చులు రాలడానికి అసలు కారణం అదే. మీ పూత తరచూ రాలుతుంటే పాళ్లు మార్చేముందు, ఇంకాస్త పచ్చిగా ఉన్నప్పుడు పూసి చూడండి. పది సార్లకు తొమ్మిది సార్లు సమస్య అక్కడే తీరుతుంది.

తడి పూత మీద చేసే నగిషీలు కొన్ని ఉన్నాయి. గడ్డి కుంచెతో సారె తిరుగుతుండగా చారలు తీయడం హకెమె. కుంచెతో తట్టుతూ విసనకర్ర మడతల్లా పరచుకునే గుర్తులు వేయడం ఉచిహకెమె. వేళ్లతో అలలు గీయడం ఇంకొకటి. ఇవి కుంచె చేతిలో పెట్టుకుని రెండు మూడు కప్పులు చేస్తే అర్థమైపోతాయి. తొబికన్నాకి మాత్రం వివరంగా చెప్పాలి.

తొబికన్నా

సారె తిరుగుతుండగా స్ప్రింగులాంటి ఉక్కు పట్టీ కొనని కప్పు గోడకి ఆనిస్తారు. కొన మట్టిని పట్టుకుంటుంది, పట్టీ వంగుతుంది, బిగువుకి తాళలేక ఎగిరి, మళ్లీ వాలి ఇంకో గాటు పెడుతుంది. సెకనుకి పదులసార్లు ఇలా జరుగుతుంది. ప్రతి గాటూ తెల్ల పూతని చిన్న పెచ్చుగా ఎత్తేసి కింది ముదురు మట్టిని చూపిస్తుంది. చెయ్యి చేయాల్సిందల్లా పట్టీని కదలకుండా పట్టుకోవడం. గాట్లు పట్టీయే వేసుకుంటుంది.

ఒంతాలో దీనికి పాత గడియారం స్ప్రింగు వాడతారు. మీరు చేసుకోవాలంటే 12–15 సెం.మీ. పొడవు, సుమారు 1 సెం.మీ. వెడల్పున్న స్ప్రింగు ముక్క తీసుకోండి. పెద్ద పెట్టెలకు బిగించే ఉక్కు పట్టీ కూడా పనికొస్తుంది. స్ప్రింగు ఉక్కుని అలాగే వంచితే విరుగుతుంది. కొన 1 సెం.మీ. మేర మాత్రం ఎర్రగా కాల్చి, పటకారుతో 90 డిగ్రీలకి వంచండి. కాల్చేటప్పుడు మిగతా భాగానికి తడిగుడ్డ చుట్టాలి, వేడి పాకితే పట్టీ బిగువు పోయి ఎగరడం మానేస్తుంది. వంచిన కొనని ఆకురాయితో అరగదీసి, మూలలు కొంచెం గుండ్రం చేయండి. మూలలు పదునుగా ఉంటే గాటుకి రెండు వైపులా గీరిన చారలు వస్తాయి.

కప్పుని బోర్లించి కుదర్చండి. పూత మెరుపు పోవాలి, వేలు ఆనిస్తే చల్లగా తగలాలి కానీ అంటుకోకూడదు. సారె నిమిషానికి 60 నుంచి 80 చుట్లు తిరగాలి. పట్టీని చివర నుంచి పట్టుకుని, మోచేతిని మోకాలికి ఆన్చండి. కొన తిరుగుడుకి ఎదురుగా ఉండి, గోడని దాదాపు నిలువుగా తాకాలి. ఒక చుట్టుకి పట్టీ వెడల్పంత దూరం చొప్పున పైనుంచి కిందికి నెమ్మదిగా దింపండి. వెనక్కి వెళ్లి సరిదిద్దే వీలుండదు. గాటు మీద గాటు పడితే పూతంతా లేచిపోతుంది.

చెవితో కూడా వినండి. టకటకమని ఒకే తీరుగా వినిపిస్తే గాట్లు సమంగా పడుతున్నట్టు. గరగరమంటే కొన ఎగరడం లేదు, గోకుతోంది. అప్పుడు ఇలా సరిచూసుకోండి. గాటు పొడవుగా సాగి, దాని చివర మట్టి మడత పేరుకుంటే కప్పు ఇంకా పచ్చిగా ఉంది, అరగంట ఆరనివ్వండి. పూత పొడిగా చిట్లి, గాటు చుట్టూ పెచ్చులు రాలితే ఆలస్యమైంది. తడిగుడ్డ చుట్టి ప్లాస్టిక్ సంచిలో ఒక పూట ఉంచి మళ్లీ చూడండి. గాట్లు మరీ దూరంగా పడితే పట్టీని ఇంకొంచెం కొనకు దగ్గరగా పట్టుకోండి లేదా సారె వేగం తగ్గించండి. వేళ్లకి, కొనకి మధ్య వదిలిన పట్టీ పొడవు పెరిగేకొద్దీ ఎగురుడు నెమ్మదిస్తుంది, గాట్ల మధ్య ఎడం పెరుగుతుంది.

నగిషీ అయ్యాక రాలిన పెచ్చుల్ని చేత్తో తుడవొద్దు, గాట్లలో పూత పూసుకుపోతుంది. పూర్తిగా ఆరాక మెత్తటి కుంచెతో దులపండి.

గ్లేజు

ఒంతా గ్లేజులకు ఆధారం కట్టె బూడిద, వరిగడ్డి బూడిద, ఫెల్డ్‌స్పార్‌లాంటి రాతిపొడి. వరిగడ్డిలో, ఊకలో సిలికా చాలా ఎక్కువ, అందుకే ఆ బూడిద గ్లేజుకి పాలతెలుపు ఇస్తుంది. ఊరి నిండా వరి పండే మన ప్రాంతాల్లో ఇది వెతుక్కోవాల్సిన సరుకు కాదు.

బూడిదని నీళ్లలో నానబెట్టి, తేలిన బొగ్గు తీసేసి, పైనీళ్లు వంచేసి, మళ్లీ నీళ్లు పోయండి. నీళ్లు జారుడుగా అనిపించడం ఆగేదాకా మూడు నాలుగుసార్లు చేయాలి. ఆ నీళ్లు చర్మాన్ని తినేస్తాయి, రబ్బరు గ్లవ్స్ తప్పవు. ఎండబెట్టి 80 మెష్‌లో జల్లించండి.

పారదర్శక గ్లేజుకి: ఫెల్డ్‌స్పార్ 35, కట్టె బూడిద 30, బాల్‌క్లే 25, క్వార్ట్జ్ 10. బిస్క్ మీద వేసే గ్లేజుల కంటే ఇందులో మట్టి ఎక్కువ, పచ్చి కప్పుతో పాటు కదలడానికి అది కావాలి. పాలతెలుపు గ్లేజుకి ఫెల్డ్‌స్పార్, కట్టె బూడిద, ఊక బూడిద సమపాళ్లలో కలిపి మొదలుపెట్టండి. ఇందులో మట్టి లేదు కనుక పచ్చి కప్పుకి అతుక్కునేలా ఓ 10 పాళ్లు బాల్‌క్లే చేర్చండి. ప్రతి చెట్టు బూడిదా వేరు. బూడిద బస్తా మారితే మళ్లీ పరీక్ష చేయాల్సిందే. ఒంతా పాత్రల మీద కనిపించే ఆకుపచ్చ ధారలు రాగివి. పారదర్శక గ్లేజుకి 3–4 శాతం రాగి ఆక్సైడ్ కలిపి, కప్పు బయట మాత్రమే వేయండి. లోపల వేస్తే నిమ్మరసంలాంటి పులుపుకి రాగి కరిగి దిగవచ్చు.

గ్లేజు లీటరు 1.40 కిలోలు తూగేలా చూసుకోండి. పూర్తిగా ఎండిన కప్పులోకి పోసి మూడు సెకన్లలో ఒంపేయండి. కొన్ని గంటలాగి, ఆ తడి ఆరిపోయాక, బయట ముంచండి. ఎండు మట్టి నీళ్లని ఆబగా పీలుస్తుంది. ఎక్కువసేపు ముంచితే అంచు దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. కుదురు, దాని పైన 5 మి.మీ. వరకు తడి స్పాంజితో శుభ్రంగా తుడిచేయండి.

బట్టీ

సరయామాలో వాడేది నొబోరిగామా, కొండవాలు మీద అరలు ఒకదానిపై ఒకటి మెట్లుగా కట్టిన బట్టీ. కొన్ని కుటుంబాలు ఒకే ఉమ్మడి బట్టీని వంతులవారీగా వాడుకుంటాయి. కింది పొయ్యి నోట్లో మొదలైన మంట ప్రతి అరలోంచీ పైకి పోతూ తర్వాతి అరని ముందే వేడి చేస్తుంది. ఒక అర కాలగానే దాని పక్కనున్న చిన్న రంధ్రాల్లోంచి కట్టెలు వేయడం ఆపి, పై అరకి వెళతారు. కట్టె సుగి, జపనీస్ సెడార్ అని పిలిచే చెట్టుది. కోత మిల్లుల్లో మిగిలిన పేళ్లు. మొత్తం కాల్చడానికి రెండు రోజులకు పైగా పడుతుంది.

మీది ఒకటి రెండు అరల బట్టీ అయినా దశలు ఇవే. కప్పు కుదుళ్ల కింద అల్యూమినా హైడ్రేట్ (ఈ వేడికి కరగని తెల్ల పొడి), చైనా క్లే సగం సగం కలిపిన చిన్న ఉండలు మూడేసి పెట్టండి, కింది పలకకు అంటుకోదు. కప్పుల మధ్య 1 సెం.మీ. ఎడం వదలండి. కంటికి కనిపించే చోట 8వ నంబరు పైరోమెట్రిక్ కోన్, అంటే తగినంత వేడి తగిలాక వంగిపోయే చిన్న సూచిక, పెట్టండి. ఇనుప కర్రతో బయటికి లాగడానికి వీలుగా, అదే గ్లేజు పూసిన రెండు మూడు మట్టి కొక్కేలు కూడా ఉంచండి. సరుగుడు మనకి సులువుగా దొరుకుతుంది, మంచి వేడి ఇస్తుంది. కానీ సుగి కంటే గట్టి కట్టె, బొగ్గు ఎక్కువ మిగులుస్తుంది. అందుకని చివరి దశకి 2–3 సెం.మీ. మందాన సన్నగా చీల్చి, ఏడాది ఆరబెట్టి వాడండి.

మొదటి 6–8 గంటలు 120 డిగ్రీలు దాటొద్దు. బిస్క్ కాల్చని కప్పులివి, లోపలి నీరు ఆవిరై ఒక్కసారిగా వస్తే పేలిపోతాయి. పొగగొట్టం దగ్గర అద్దం ముక్క పెట్టి చూడండి. చెమ్మ పట్టడం ఆగితేనే ముందుకు. అక్కడి నుంచి 600 డిగ్రీల వరకు గంటకి 60–80 డిగ్రీలు. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది కాబట్టి అటూ ఇటూ తొందర పనికిరాదు.

600 నుంచి 950 వరకు మంట శుభ్రంగా, గాలి ధారాళంగా ఉండాలి. మట్టిలోని సేంద్రియ పదార్థం ఇక్కడ కాలిపోవాలి. పొగమంటతో ఈ దశ దాటేస్తే కర్బనం లోపల చిక్కుకుని, 1200 దాటాక కప్పు గోడలో బొబ్బలు లేస్తాయి. బట్టీ పెద్దదైతే 850–950 మధ్య రెండు గంటలు అలాగే ఉంచండి.

ఆ తర్వాత పక్క రంధ్రాల్లోంచి చిన్న చిన్న కట్టెలు, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి. కట్టె వేయగానే పొగ, రంధ్రాల్లోంచి మంట నాలుక బయటికొస్తుంది. ఆ మంట లోపలికి లాక్కుని, పొగ పలచబడ్డాకే మళ్లీ వేయాలి. వేడి పెరగడం ఆగిపోతే చాలామంది ఇంకా కట్టెలు కుక్కుతారు, దాంతో ఇంకా పడిపోతుంది. పేరుకున్న బొగ్గు గాలిని అడ్డుకుంటోందని అర్థం. కింద గాలి రంధ్రాలు తెరిచి, ఇనుప కర్రతో బొగ్గు కదిపి, పదిహేను నిమిషాలు ఆగండి. లోపలికి చూసేటప్పుడు వెల్డింగు కళ్లద్దాలు, ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి. పొగమంట దశలో కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది కనుక షెడ్డు నాలుగు వైపులా తెరిచి ఉంచండి.

కోన్ వంగడం మొదలుపెట్టగానే ఒక కొక్కేన్ని లాగి నీళ్లలో ముంచి చూడండి. గ్లేజు పైన ఇసుకలా గరుకు ఉంటే ఇంకా కాలాలి. గాజులా నునుపై, తెల్ల పూత కింద గాట్లు స్పష్టంగా కనిపిస్తే సరిపోయింది. చివరి అరగంట పొగ లేని మంట ఉంచండి, రాగి ఆకుపచ్చ తేటగా వస్తుంది. తర్వాత అన్ని రంధ్రాలూ మట్టితో మెత్తేయండి. చిన్న బట్టీకి రెండు రోజులు, పెద్దదానికి మూడు నాలుగు రోజులు ఆగాలి. లోపలి వేడి 100 డిగ్రీల కిందికి రాకముందే తలుపు తీస్తే టంగుమని కప్పులు పగులుతాయి. అంచు పదునుగా, గ్లేజుతో సహా చీలిన పగులు ఇలా వచ్చిందే. పగులు అంచు మీద గ్లేజు గుండ్రంగా కరిగి ఉంటే మాత్రం అది ఆరబెట్టేటప్పుడో, వేడెక్కేటప్పుడో వచ్చింది.

కప్పు పనికొస్తుందో లేదో

కుదురుని 220 నంబరు నీటి ఉప్పుకాగితంతో తడిపి రుద్దండి. గ్లేజు పూయని ఒక కప్పుని కూడా అదే బట్టీలో కాల్చి ఉంచుకుంటే పరీక్ష తేలిక. దాన్ని తూచి, రెండు గంటలు ఉడికించి, అదే నీళ్లలో ఒక రోజు ఉంచి, తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాముల కప్పు 206 గ్రాములు దాటితే, అంటే 3 శాతం కంటే ఎక్కువ నీరు పీలిస్తే, మట్టి సరిగా బిగియలేదు. కప్పు కింద బల్ల మీద చెమ్మ మరక పడుతుంది. తర్వాతిసారి కోన్ పూర్తిగా వంగేదాకా కాల్చండి లేదా మట్టిలో ఫెల్డ్‌స్పార్ 3 పాళ్లు పెంచండి. గ్లేజు మీద నిమ్మచెక్క పెట్టి రాత్రంతా వదలండి. తెల్లారి అక్కడ రంగు వెలిసినా, మెరుపు పోయినా ఆ గ్లేజు కప్పు లోపలికి పనికిరాదు.